లా ఫర్మ్‌లో మహిళా లాయర్లు పార్ట్‌నర్ స్థాయికి చేరాలంటే: ఫైళ్ల పంపకం నుంచి మొదలుపెట్టే పద్ధతి

"మా ఫర్మ్‌లో చేరేవాళ్లలో సగం మంది అమ్మాయిలే. పదేళ్లు తిరిగేసరికి పార్ట్‌నర్ల వరసలో ఒకరో ఇద్దరో మిగులుతున్నారు. ఏం చెయ్యాలి?" అని మేనేజింగ్ పార్ట్‌నర్లు, హెచ్‌ఆర్ వాళ్లు అడుగుతుంటారు. (పార్ట్‌నర్ అంటే ఫర్మ్‌ని నడిపే భాగస్వామి లాయర్, అసోసియేట్ అంటే వాళ్ల కింద జీతానికి పనిచేసే లాయర్.) మహిళా లాయర్లు అడిగే తీరు వేరు: "నేను ఇంకా ఏం చేస్తే సరిపోతుంది?"

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట దొరుకుతుంది. ఏ ఫైలు ఎవరి టేబుల్ మీదికి వెళ్తోంది, దాని మీద వచ్చిన ఫీజు ఎవరి పేరు కింద రాస్తున్నారు అన్నది చూడాలి. శిక్షణ తరగతులు, ఏడాదికోసారి పెట్టే ప్రసంగాలు ఈ రెండింటినీ కదపలేవు. అందుకే వాటి జోలికి వెళ్లడం లేదు.

20 నుంచి 200 మంది లాయర్లున్న ఫర్మ్‌ని మనసులో పెట్టుకుని రాశాను. అంతకంటే చిన్న ఫర్మ్ అయితే కమిటీలు అక్కర్లేదు. పట్టికలు మాత్రం కావాలి.

## 1. మొదలుపెట్టే ముందు ముగ్గురిని కూర్చోబెట్టండి

ఈ పనంతా హెచ్‌ఆర్ మీద వదిలేస్తే కొన్ని నెలల్లోనే ఆగిపోతుంది. ఫైళ్లు పంచేది పార్ట్‌నర్లు. వాళ్లకు "ఈ ఫైలు ఆమెకివ్వండి" అని చెప్పగల అధికారం హెచ్‌ఆర్‌కి ఎక్కడా ఉండదు.

ముగ్గురు చాలు:

- ఫర్మ్‌కి ఎక్కువ ఫీజు తెచ్చే పార్ట్‌నర్లలో ఒకరు. మంచి మనిషైతే సరిపోదు, మాట చెల్లే మనిషి కావాలి.
- బిల్లింగ్, టైమ్‌షీట్ల లెక్కలు చేతిలో ఉన్నవాళ్లు.
- ఒక సీనియర్ మహిళా లాయర్. ఈ పనికి ఆమె పెట్టే గంటల్ని ఆమె వార్షిక టార్గెట్‌లో కలపాలి. కలపకపోతే, మిగతా ఆడవాళ్లను పైకి తెచ్చే పనిలో పడి తానే వెనకబడిపోతుంది.

సమయం గురించి మొదటి సమావేశంలోనే నిజం చెప్పేయండి. లెక్కలు తీయడానికి రెండు నెలలు, పంపకంలో తేడా కనబడటానికి ఆర్నెల్లు పడుతుంది. పార్ట్‌నర్ల సంఖ్య మారడానికి మూడు నాలుగేళ్లు. ముందే చెప్పకపోతే ఏడాది తిరగగానే "ఇంత చేశాం, ఒక్కరూ పార్ట్‌నర్ కాలేదే" అనే పెదవి విరుపు మొదలవుతుంది.

## 2. మూడేళ్ల లెక్క తీయండి

ముందుగా అభిప్రాయాలు అడగొద్దు. అడిగితే ప్రతి పార్ట్‌నరూ "నేను ఆడా మగా తేడా చూడను" అంటారు. నిజంగానే అలా నమ్ముతారు కూడా. అందుకని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో, టైమ్‌షీట్లలో, కోర్టు డైరీలో ఉన్నదాన్నే బయటికి తీయండి.

కావలసిన పట్టికలు:

- ఎవరు చేరారు, ఎవరు వెళ్లిపోయారు, చేరిన ఎన్నో ఏట వెళ్లారు
- ఫర్మ్‌లోని 20 పెద్ద ఫైళ్ల మీద ఎవరు ఏ పని చేశారు
- కోర్టులో లేచి వాదించింది ఎవరు, పక్కన కూర్చుని కాగితాలు అందించింది ఎవరు
- ఫీజు మాట్లాడే సమావేశాల్లో ఎవరున్నారు
- ఒరిజినేషన్ క్రెడిట్, అంటే క్లయింట్‌ను తెచ్చినందుకు రాసే లెక్క, ఎవరి పేరు మీద ఉంది
- ఒకే బ్యాచ్‌లో చేరినవాళ్ల మధ్య జీతం, బోనస్ తేడా
- దీర్ఘ సెలవు నుంచి వచ్చినవాళ్లకు మొదటి ఆర్నెల్లలో ఇచ్చిన ఫైళ్లు

రెండో పట్టిక దగ్గర ఎక్కువసేపు ఆగండి. నేను లెక్కలు చూసిన ఒక ఫర్మ్‌లో బిల్లబుల్ గంటలు, అంటే క్లయింట్‌కి బిల్లు వేసే గంటలు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ దాదాపు సమానంగా ఉన్నాయి. పార్ట్‌నర్లు హమ్మయ్య అనుకున్నారు. ఆ గంటల్నే పనివారీగా విడదీస్తే బొమ్మ మారిపోయింది. మగ అసోసియేట్ల గంటల్లో వాదనలు, ఒప్పందాల బేరసారాలు, క్లయింట్ ఫోన్లు ఉన్నాయి. ఆడవాళ్ల గంటల్లో డ్యూ డిలిజెన్స్ (ఒప్పందానికి ముందు ఎదుటి కంపెనీ పత్రాలు, లెక్కలు సరిచూడటం), పత్రాల పరిశీలన, రీసెర్చ్ నోట్లు ఉన్నాయి. బిల్లు మీద గంట గంటే. కానీ మొదటి రకం పని మనిషిని పార్ట్‌నర్‌ని చేస్తుంది, రెండోది నమ్మకమైన అసోసియేట్‌గా అక్కడే ఉంచుతుంది.

బృందం చిన్నదైతే శాతాల్లో రాయొద్దు. నలుగురిలో ఒకరు వెళ్లిపోతే 25 శాతం అని రాసి గాభరా పడటంలో అర్థం లేదు. అంకెలే రాయండి, ఎవరి విషయంలో ఏం జరిగిందో చూడండి. జీతాల పట్టిక మాత్రం ఆ ముగ్గురినీ దాటి వెళ్లకూడదు.

వెళ్లిపోయినవాళ్లతో కూడా మాట్లాడాలి. ఆఖరి రోజు తీసుకునే ఎగ్జిట్ ఇంటర్వ్యూ వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. ఆ రోజు అందరూ "ఇంటి కారణాలు" అనే రాస్తారు, రేపు మీ సిఫార్సు కావాలి కదా. ఆర్నెల్లాగి, వాళ్లతో కలిసి పనిచేయని మనిషి చేత ఫోన్ చేయించండి. ఒక్క ప్రశ్న చాలు: "వెళ్లిపోవాలని మొదటిసారి అనిపించిన రోజు ఏం జరిగింది?"

## 3. ఫైళ్ల పంపకం మార్చండి

మిగతావన్నీ చేసి ఇది వదిలేస్తే ఏమీ చేయనట్టే.

చాలా ఫర్మ్‌లలో పంపకం ఇలా జరుగుతుంది. సాయంత్రం పార్ట్‌నర్‌కి క్లయింట్ ఫోన్ చేస్తాడు. పని అర్జెంటు. పార్ట్‌నర్ గదిలోంచి బయటికొచ్చి, తనకు అలవాటైన కుర్రాడికి అప్పజెబుతాడు. ఇందులో దురుద్దేశమేమీ లేదు. అతను పని బాగా చేస్తాడు కాబట్టి తర్వాతి ఫైలూ అతనికే వెళ్తుంది. మూడేళ్లయ్యేసరికి "ఇలాంటి కేసుల్లో అనుభవం ఉన్నది అతనికే" అన్న మాట అక్షరాలా నిజమైపోతుంది. అనుభవం ఎలా వచ్చిందని ఎవరూ అడగరు.

### 3.1 పనిని రెండు రకాలుగా గుర్తించండి

ఎదిగించే పని: వాదన, సాక్షుల విచారణ, ఒప్పందం మీద ఎదుటి పక్షంతో బేరం, క్లయింట్‌కి నేరుగా సలహా, ఫీజు చర్చ, కొత్త క్లయింట్ దగ్గర పిచ్ (పని మాకివ్వండని అడిగే సమావేశం).

నడిపించే పని: డ్యూ డిలిజెన్స్, పత్రాల పరిశీలన, తేదీల ట్రాకింగ్, ప్రూఫ్ చూడటం, రీసెర్చ్ నోట్లు.

రెండోది లేకుండా ఫర్మ్ నడవదు. అది ఎప్పుడూ ఒకే మనుషుల మీద పడుతుంటేనే చిక్కు.

### 3.2 వారానికి అరగంట పంపకం సమావేశం

ప్రతి ప్రాక్టీస్ గ్రూపులో, అంటే ఒకే రకం పని చూసే విభాగంలో, సోమవారం ఉదయం అరగంట కేటాయించండి. ముందు ఒక షీటు ఉండాలి. అందులో కొత్తగా వచ్చిన పనులు, ఎవరి చేతిలో ఎంత పని ఉంది, గత మూడు నెలల్లో ఎవరికి ఎదిగించే పని దక్కింది అన్నవి కనబడాలి.

- పని పేరు ముందు, మనిషి పేరు తర్వాత. "ఇది ఫలానా అతనికే" అంటూ పార్ట్‌నర్ మొదలుపెడితే చర్చ అక్కడే ముగుస్తుంది.
- ప్రతి ఎదిగించే పనికీ కనీసం ఇద్దరి పేర్లు పరిశీలించాలి.
- ఎవరికిచ్చారో ఎందుకిచ్చారో ఒక వాక్యం రాయాలి. "అలవాటైన మనిషి" అన్నది కారణం కింద లెక్కకు రాదు.
- వారం మధ్యలో అర్జెంటుగా ఇచ్చిన ఫైళ్లను కూడా వచ్చే సోమవారం షీటులోకి ఎక్కించాలి. అసలు పక్షపాతం దాక్కునేది ఈ అర్జెంటు ఫైళ్లలోనే.

### 3.3 ఊహించుకోవద్దు, అడగండి

"ఆమెకు చిన్నపిల్ల ఉంది, వేరే నగరంలో మూడు వారాల ట్రయల్ అంటే కష్టం కదా" అని ఆమె తరఫున పార్ట్‌నరే వద్దనేస్తాడు. దయతోనే. ఆ ఫైలు తన దాకా వచ్చిందన్న సంగతే ఆమెకు తెలియదు.

ఇలా అడగండి: "ఈ ట్రయల్ మూడు వారాలు నడుస్తుంది. మీరు చేస్తే బాగుంటుందని నా ఉద్దేశం. ఏ ఏర్పాట్లు కావాలి?" కాదంటే సరే. కానీ వచ్చేసారి కూడా అడగాలి. ఒకసారి కాదన్న మాటను రెండేళ్లపాటు మోయించకూడదు. పిల్లలున్న మగ లాయర్లను కూడా ఇదే ప్రశ్న అడగండి.

### 3.4 లేచి నిలబడే అవకాశం

ఫైలు రాత్రంతా చదివింది ఒకరు, పొద్దున లేచి వాదించేది మరొకరు అయితే మొదటి మనిషి ఎప్పటికీ ఎదగరు. చిన్న అప్లికేషన్లతో మొదలుపెట్టండి. ఆ తర్వాత ఒక సాక్షి విచారణ, ఆ తర్వాత పెద్ద కేసులో ఒక అంశం మీద వాదన. "మాకు సీనియరే కావాలి" అని క్లయింట్ పట్టుబడితే, సీనియర్ పక్కనే ఉంటారని, ఆ ఒక్క అంశం మాత్రం దాన్ని సిద్ధం చేసిన లాయరే వాదిస్తారని చెప్పండి. క్లయింట్‌కి ఒకసారి ఆమె వాదన వినే అవకాశమిస్తే రెండోసారి మీరు చెప్పాల్సిన అవసరం తక్కువే.

ఇక "మగ లాయర్‌ని పెట్టండి" అనే క్లయింట్లు. పార్ట్‌నర్ తడబడితే గది మొత్తానికి అర్థమైపోతుంది. జవాబు ముందే సిద్ధంగా ఉండాలి: "ఈ విషయంలో మా దగ్గర అందరికంటే బాగా తెలిసినది ఆవిడకే. మీ కేసు ఆవిడ చేతిలో ఉంది." ఈ మాట పార్ట్‌నర్ నోటి నుంచి రావాలి. తన గురించి తనే చెప్పుకోవాల్సిన పరిస్థితి ఆమెకు రానివ్వొద్దు.

ఇక్కడే జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. రెండేళ్లు చిన్న పనులిచ్చి, ఒక్కసారిగా పెద్ద ఫైలు చేతిలో పెట్టి, జూనియర్‌ని కూడా ఇవ్వకుండా వదిలేస్తారు. ఆమె తడబడితే "ఇచ్చి చూశాం కదా" అంటారు. మగ లాయర్‌కి ఆ ఫైలు మీద ఇద్దరు జూనియర్లను, వారానికో గంట పార్ట్‌నర్ సమయాన్ని ఇచ్చి ఉంటే ఆమెకూ అంతే ఇవ్వాలి.

## 4. క్రెడిట్ లెక్క సరిచేయండి

ఒక క్లయింట్‌ను పదిహేనేళ్ల కిందట ఒక పార్ట్‌నర్ తెచ్చాడనుకోండి. అయిదేళ్లుగా ఆ క్లయింట్ పనంతా ఒక మహిళా లాయర్ చూస్తోంది. ఫోన్లు ఆమెకే వస్తాయి, కొత్త కేసులూ ఆమె పనితనం చూసే ఇస్తున్నారు. ఏడాది చివర క్రెడిట్ మాత్రం 100 శాతం అతని పేరు మీద. పార్ట్‌నర్‌షిప్ చర్చలో "ఆవిడకు సొంత క్లయింట్లు లేరు" అంటారు. లేక కాదు, లెక్కలో కనబడక.

చేయాల్సినవి:

1. క్రెడిట్‌ను మూడు భాగాలు చేయండి: తెచ్చినవారు, నడుపుతున్నవారు, పని పెంచినవారు. ఉన్న క్లయింట్ నుంచి కొత్త రకం పని వస్తే అది పెంచినవారిదే.
2. తెచ్చిన క్రెడిట్‌కి గడువు పెట్టండి. ఉదాహరణకు మొదటి మూడేళ్లు పూర్తిగా, ఆ తర్వాత ఏటా కొంత తగ్గుతూ రావాలి. అంకె మీ ఇష్టం, గడువు మాత్రం ఉండాలి.
3. పిచ్‌కి తీసుకెళ్లిన మనిషికి ఆ పనిలో భాగం ఇవ్వాలి. బృందంలో మహిళలున్నారని చూపించుకోవడానికి ఆమెను తీసుకెళ్లి, పని వచ్చాక పక్కన పెట్టేవాళ్లున్నారు. పిచ్ బృందం, పని బృందం పేర్లు పక్కపక్కన రాస్తే సంగతి దొరికిపోతుంది.
4. పెద్ద క్లయింట్లలో ప్రతి ఒక్కరికీ "తర్వాత ఎవరు" అన్న పేరు రాయండి. పార్ట్‌నర్ రిటైర్ కావడానికి రెండేళ్ల ముందే అప్పగింత మొదలవ్వాలి. ఆ క్లయింట్లు ఎవరి చేతికి వెళ్తారన్నది పార్ట్‌నర్ల మధ్య మాటల్లో తేలిపోతే, వెళ్లేది పాత శిష్యుడికే.
5. క్రెడిట్ తగాదా వస్తే తీర్పు చెప్పేది ఆ ఇద్దరితోనూ లెక్కలు లేని మూడో పార్ట్‌నర్.

సీనియర్ల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చేది ఈ దశలోనే, ఎందుకంటే ఇక్కడ కదిలేది డబ్బు. ఒకేసారి పాత క్లయింట్లందరికీ వర్తింపజేయాలని చూడకండి. కొత్తగా వచ్చే క్లయింట్లతో మొదలుపెట్టండి.

## 5. ఎవరి ఖాతాలోనూ పడని పనిని వంతులు వేయండి

సమావేశం మినిట్స్ రాయడం, ఇంటర్న్‌లను చూసుకోవడం, ఎవరికైనా వీడ్కోలు ఏర్పాటు చేయడం, కొత్తవాళ్ల ఇంటర్వ్యూలు, న్యూస్‌లెటర్. ఎవరో ఒకరు చెయ్యాల్సినవే. బోనస్ లెక్కలో మాత్రం సున్నా.

లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు పరిశోధకులు 2017లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ప్రచురించిన ప్రయోగాల్లో, ఇలాంటి పని చేయమని అడగడం మగవాళ్లకంటే ఆడవాళ్లను 44 శాతం ఎక్కువగా జరిగింది. అడిగినప్పుడు ఆడవాళ్లు 76 శాతం సార్లు ఒప్పుకున్నారు, మగవాళ్లు 51 శాతం. అంటే "ఆవిడే ముందుకొచ్చారు" అన్న మాటలో సగం నిజమే ఉంది.

అందుకని "ఎవరు చేస్తారు?" అని అడగడం మానేయండి. ఆ ప్రశ్న తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని ఎవరు భరించలేరో వాళ్ల మీదే పని పడుతుంది. పేర్ల వరస ప్రకారం వంతులు వేయండి. ఇంటర్వ్యూలు, జూనియర్ల శిక్షణ లాంటి నిజంగా విలువైన పనికి టార్గెట్‌లో గంటలు ఇవ్వండి.

## 6. మెంటర్ సరిపోడు, స్పాన్సర్ కావాలి

మెంటర్ ఆమెతో మాట్లాడతాడు. స్పాన్సర్ ఆమె లేని గదిలో ఆమె గురించి మాట్లాడతాడు. పార్ట్‌నర్‌షిప్ నిర్ణయాలు జరిగేది ఆ రెండో గదిలోనే. మహిళలకు మెంటర్లు దొరుకుతున్నారు, ఫర్మ్‌లు గర్వంగా ప్రకటిస్తాయి కూడా. తన పరపతిని పణంగా పెట్టే మనిషి దొరకడమే కష్టం.

స్పాన్సర్‌గా ఉండే పార్ట్‌నర్‌కి రాతపూర్వకంగా ఇవ్వాల్సిన పనులు:

- ఏడాదిలో కనీసం రెండు ఎదిగించే ఫైళ్లు ఆమెకు వచ్చేలా చూడటం
- తన ముఖ్య క్లయింట్లలో ఇద్దరికి ఆమెను పరిచయం చేసి, తర్వాతి సమావేశానికి తాను వెళ్లకపోవడం
- అప్రైజల్, బోనస్ చర్చల్లో ఆమె తరఫున మాట్లాడటం
- వెనకబడుతున్న చోట మొహమాటం లేకుండా ఆమెకే చెప్పడం

జంటలను లాటరీలా కలపొద్దు. ఒకే ఫైలు మీద కలిసి పనిచేసిన అనుభవం ఉండాలి. ఆమె పని చూడని మనిషి ఆమె కోసం ఏమని మాట్లాడతాడు?

స్పాన్సర్లంతా మహిళా పార్ట్‌నర్లే కావాలనే ఆలోచన కూడా వద్దు. ఉన్న ఇద్దరి మీదే పదిమంది భారం పడుతుంది. మగ పార్ట్‌నర్లు కొందరు "ఒక అమ్మాయితో విడిగా మాట్లాడితే ఎవరేమనుకుంటారో" అని దూరం జరుగుతారు. దానికి మార్గం తేలిక: ఆఫీసు వేళల్లో, అద్దాల గదిలో, క్యాలెండర్‌లో పెట్టిన సమయానికి, ఆడ జూనియర్లతో ఎలాగో మగ జూనియర్లతోనూ అలాగే కలవండి. రాత్రి భోజనాల దగ్గర మాత్రమే జరిగే చనువును ఆఫీసు పగటి వేళకు మారిస్తే అందరికీ సులువు.

మూడు నెలలకోసారి స్పాన్సర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ మూడు నెలల్లో ఆమెకు మీ వల్ల ఏ పని వచ్చింది? "చాలాసార్లు మాట్లాడుకున్నాం" అంటే అది మెంటరింగ్.

## 7. అప్రైజల్, పార్ట్‌నర్ ఎంపిక

పార్ట్‌నర్ కావడానికి ఏం కావాలో కాగితం మీద ఉందా? చాలాచోట్ల "సమయం వస్తే తెలుస్తుంది" అంటారు. పార్ట్‌నర్ల సరసన రోజూ తిరిగేవాళ్లకు అది తెలుస్తుంది, మిగతావాళ్లకు తెలియదు. గంటలు, వ్యాపారం, క్లయింట్ల అభిప్రాయం, జూనియర్లను తయారుచేయడం: వేటికి ఎంత బరువో రాసి, పార్ట్‌నర్‌షిప్‌కి నాలుగేళ్ల ముందే అసోసియేట్లందరికీ ఇవ్వండి.

అప్రైజల్ ఫారంలో ఒక నియమం పెట్టండి. విశేషణం రాస్తే పక్కనే సంఘటన రాయాలి. "కాస్త దూకుడు", "ఆత్మవిశ్వాసం పెరగాలి", "ఇంకా సిద్ధం కాలేదు" అని రాసినవారు ఎప్పుడు, ఏ ఫైలులో, ఏం జరిగిందో చెప్పాలి. చెప్పలేకపోతే కొట్టేయండి. "మంచి టీమ్ ప్లేయర్" అన్న పొగడ్తకూ ఇదే నియమం, అది కూడా మనిషిని అక్కడే నిలబెట్టేస్తుంది.

ఈ మాటలు కోర్టు దాకా వెళ్లిన సందర్భం లాయర్లకు తెలిసే ఉంటుంది. ప్రైస్ వాటర్‌హౌస్‌లో 1982లో పార్ట్‌నర్‌షిప్‌కి ప్రతిపాదించిన 88 మందిలో ఆన్ హాప్కిన్స్ ఒక్కరే మహిళ. ఇంకా ఆడతనంగా నడవాలని, మాట్లాడాలని, మేకప్ వేసుకోవాలని ఆమెకు సలహా ఇచ్చారు. ఇలా మూసలో పెట్టి చూడటం వివక్షకు సాక్ష్యం కాగలదని 1989లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అంతకుముందు 1984లో, హిషన్ వర్సెస్ కింగ్ అండ్ స్పాల్డింగ్ కేసులో, పార్ట్‌నర్ ఎంపిక తమ సొంత వ్యవహారమన్న లా ఫర్మ్ వాదన అదే కోర్టులో నిలబడలేదు. మీ అప్రైజల్ ఫారాలను ఒకసారి ఎదుటి పక్షం లాయర్ కళ్లతో చదివి చూడండి.

ఎంపిక జాబితాలో ఒక్క మహిళ పేరు చేర్చి సరిపెట్టొద్దు. ఒక్కరే ఉంటే ఆమె "ఆ మహిళా అభ్యర్థి" అవుతుంది, ఇద్దరు ముగ్గురుంటే అభ్యర్థులవుతారు. 2017లో అమెరికాలో లా ఫర్మ్‌ల కోసం మొదలైన మాన్స్‌ఫీల్డ్ రూల్ ఈ దారిలోనే నడిచింది. నాయకత్వ పదవులకు, పార్ట్‌నర్‌షిప్‌కి పరిశీలించేవారిలో కనీసం 30 శాతం మహిళలు, ఇతర తక్కువ ప్రాతినిధ్యం ఉన్న లాయర్లు ఉండాలన్నది అప్పట్లో అందులోని లక్ష్యం. ఎంపిక ఎవరిదన్నది ఫర్మ్ ఇష్టమే, అది కోటా కాదు. పరిశీలనలోకి రాకుండానే పేర్లు జారిపోయే చోట మాత్రం అడ్డుకట్ట పడుతుంది.

## 8. ప్రసూతి సెలవు: ముందు, మధ్యలో, తర్వాత

సెలవు వల్ల కెరీర్ ఆగదు. సెలవులో ఫైళ్లు చేతులు మారి తిరిగి రాకపోవడం వల్ల ఆగుతుంది.

ముందు: ప్రతి ఫైలుకూ తాత్కాలికంగా ఎవరు చూస్తారో, ఏ తేదీకి తిరిగి ఇస్తారో రాయండి. ఫైలును అప్పుగా ఇస్తున్నారు, దానం చేయడం లేదు. క్లయింట్‌కి ఆ మాట ఆమెతో కలిసి చెప్పండి.

మధ్యలో: ఎంత సంప్రదింపు కావాలో ఆమె నిర్ణయం. కొందరికి నెలకో ఈమెయిల్ కావాలి, కొందరికి ఏమీ వద్దు. బోనస్, ప్రమోషన్ చర్చ ఈలోపు వస్తే ఆమె పేరు జాబితాలోనే ఉండాలి, సెలవుకు ముందున్న రేటింగ్‌తో.

తర్వాత: టార్గెట్ దగ్గర దాదాపు అందరూ తప్పు చేస్తారు. ఏడాది టార్గెట్ 1800 గంటలు, సెలవు ఆర్నెల్లు, కాబట్టి 900 అని తేల్చేస్తారు. ఫైళ్లు అప్పజెప్పిన నెల, తిరిగొచ్చాక మళ్లీ పని చేతికొచ్చే రెండు మూడు నెలలు లెక్కలోకి రావు. ఆ 900ని 700 చేయండి. వచ్చిన మొదటి వారంలోనే కనీసం ఒక ఎదిగించే ఫైలు ఆమె చేతిలో ఉండాలి.

పార్ట్‌నర్లకు మరో చిక్కుంది. పార్ట్‌నర్ సాధారణంగా ఉద్యోగి కింద రారు, కాబట్టి ఉద్యోగులకు చట్టమిచ్చే సెలవు ఆమెకు అందకపోవచ్చు. పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లోనే సెలవు, ఆ కాలపు వాటా, ఓటు హక్కు రాసుకోండి. ఎవరైనా గర్భవతి అయ్యాక ఈ చర్చ మొదలైతే అది ఆ మనిషి గురించిన చర్చ అయిపోతుంది.

పార్ట్‌టైమ్ ఏర్పాటులో ఉన్నవాళ్ల అసలు గంటల్ని మూడు నెలలకోసారి చూడండి. 60 శాతం జీతానికి 90 శాతం పని జరుగుతుంటుంది. మగ లాయర్లు కూడా పిల్లల కోసం సెలవు తీసుకునే వాతావరణం రానంతకాలం ఈ సెలవు ఆడవాళ్ల ఖాతాలో మచ్చలాగే ఉంటుంది. ఒక సీనియర్ మగ పార్ట్‌నర్ తీసుకుంటే పది సర్క్యులర్ల పెట్టు.

## 9. వేధింపుల ఫిర్యాదులు

పై పనులన్నీ భయం లేని చోటే నిలుస్తాయి. మీ దేశ చట్టం ఏం చెబుతుందో లాయర్లకు నేను చెప్పనక్కర్లేదు గానీ, సొంత ఆఫీసులో అమలు చేయని లా ఫర్మ్‌లు లేకపోలేదు. భారతదేశంలో పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళ, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

- కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇంటర్న్‌లకు కూడా మొదటి రోజే ఇవ్వాలి.
- వేధించినది క్లయింట్ అయితే ఏం చేస్తారో ముందే నిర్ణయించండి. ఆమెను ఆ ఫైలు నుంచి తప్పించడం పరిష్కారం కాదు, అది ఆమెకే శిక్ష.
- ఎక్కువ ఫీజు తెచ్చే పార్ట్‌నర్ మీద ఫిర్యాదు వస్తే విచారణ బయటివారికి అప్పజెప్పండి.

## 10. పార్ట్‌నర్ అయ్యాక ఏ కుర్చీ?

చాలా ఫర్మ్‌లు ఇక్కడ ఆగిపోతాయి. పార్ట్‌నర్ అయిన మహిళకు వెంటనే డైవర్సిటీ కమిటీ, రిక్రూట్‌మెంట్ కమిటీ అప్పజెబుతారు. పంపకాలు, వాటాలు తేల్చే కంపెన్సేషన్ కమిటీ, మేనేజ్‌మెంట్ కమిటీ, ప్రాక్టీస్ హెడ్ పదవి మాత్రం పాతవాళ్ల దగ్గరే ఉంటాయి. ఈ పదవులకు కాలపరిమితి పెట్టండి, రెండేళ్లో మూడేళ్లో. ఖాళీ రానిదే ఎవరూ రాలేరు.

నష్టాల్లో ఉన్న విభాగాన్ని చక్కదిద్దమని మొదటి అవకాశంగా ఇవ్వడం కూడా తెలిసిన ఉచ్చే. మిషెల్ ర్యాన్, అలెక్స్ హస్లాం అనే పరిశోధకులు 2005లో దీనికి గ్లాస్ క్లిఫ్ అని పేరు పెట్టారు. ఇస్తే సిబ్బంది, డబ్బు, కనీసం రెండేళ్ల సమయం రాతపూర్వకంగా ఇచ్చి అప్పజెప్పండి.

ఈక్విటీ పార్ట్‌నర్లను (లాభంలో వాటా ఉన్నవాళ్లను), జీతం తీసుకునే పార్ట్‌నర్లను విడివిడిగా లెక్కపెట్టండి. రెండూ కలిపి "మా పార్ట్‌నర్లలో ఇంతమంది మహిళలు" అని చెప్పుకుంటే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు.

## 11. పని ఆగిపోయే చోట్లు, సరిచేసే తీరు

"మాది ప్రతిభ చూసే ఫర్మ్" అంటున్నారు. వాదించకండి. పంపకం షీటు ముందు పెట్టి, ప్రతిభ చూపించే ఫైలు ఎవరికి ఎన్నిసార్లు దక్కిందో లెక్కపెట్టమనండి.

మగ అసోసియేట్లలో గుసగుసలు. పంపకం సమావేశం, రాసిపెట్టిన ప్రమాణాలు, వంతుల పద్ధతి అందరికీ వర్తిస్తాయి. పార్ట్‌నర్‌తో చనువు లేని మగ జూనియర్లకూ వీటివల్లే మేలు జరుగుతుంది. ఆ మాట ముందే చెప్పండి.

షీటు నింపడం మానేశారు. పార్ట్‌నర్ల సొంత అప్రైజల్‌లో పంపకాన్ని ఒక అంశంగా చేర్చండి. తమ డబ్బుతో ముడిపడితే షీటు దానంతటదే నిండుతుంది.

ఒకే మహిళను ప్రతి ఫొటోలో, ప్రతి వేదిక మీద చూపిస్తున్నారు. ఆమె బిల్లబుల్ గంటలు చూడండి. పడిపోతుంటాయి. వేదికలను పంచండి.

## 12. ఆ లాయర్ మీరే అయితే

ఫర్మ్ మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేరు కదా. ఈ మాత్రం మీ చేతిలో ఉంది:

- మీరు చేసిన పనిని నెలకోసారి రాసుకోండి: ఫైలు, మీ పాత్ర, ఫలితం, క్లయింట్ అన్న మంచి మాట. అప్రైజల్ ముందు రాత్రి గుర్తుకు రావు.
- "ఇంకా ఏం మెరుగుపరచుకోవాలి?" అనే బదులు "వచ్చే ఏడాది పార్ట్‌నర్ జాబితాలో ఉండాలంటే నాకు ఏ రకం ఫైళ్లు కావాలి, అవి మీ దగ్గర ఎప్పుడొస్తాయి?" అని అడగండి.
- మీరు నడుపుతున్న క్లయింట్ క్రెడిట్ గురించి ఫైలు మొదట్లోనే మాట్లాడుకుని, ఒక ఈమెయిల్ పంపి పెట్టుకోండి. ఏడాది చివర అడిగితే అది గొడవలా వినిపిస్తుంది.
- మినిట్స్ మళ్లీ మిమ్మల్నే రాయమంటే: "పోయినసారి నేను రాశాను, ఈసారి వంతు ఎవరిది?"

## 13. మొదటి ఏడాది క్యాలెండర్

- 1, 2 నెలలు: ముగ్గురి బృందం, మూడేళ్ల పట్టికలు, వెళ్లిపోయినవాళ్లకు ఫోన్లు
- 3వ నెల: పార్ట్‌నర్ల ముందు అంకెలు. పేర్లు లేకుండా, పరిష్కారాలు లేకుండా. ఒక వారం వాళ్లనే ఆలోచించనివ్వండి
- 4వ నెల: ఒక ప్రాక్టీస్ గ్రూపులో పంపకం సమావేశం మొదలు. వంతుల పద్ధతి ఫర్మ్ అంతటా
- 6వ నెల: మిగతా గ్రూపులకు విస్తరణ. స్పాన్సర్ జంటలు
- 8వ నెల: పార్ట్‌నర్‌షిప్ ప్రమాణాలు రాతలో. కొత్త అప్రైజల్ ఫారం
- 9వ నెల: కొత్త క్లయింట్లకు క్రెడిట్ విభజన
- 10వ నెల: సెలవు విధానం, పార్ట్‌నర్‌షిప్ డీడ్ సవరణ
- 12వ నెల: రెండో మెట్టులోని పట్టికలన్నీ మళ్లీ తీయండి. ముందుగా చూడాల్సింది పార్ట్‌నర్ల సంఖ్య కాదు, 20 పెద్ద ఫైళ్ల మీద ఎదిగించే పని ఎవరు చేశారన్న పట్టిక. అది కదలకపోతే మూడో మెట్టుకు వెనక్కి వెళ్లి, వారం మధ్యలో అర్జెంటుగా ఇచ్చిన ఫైళ్ల లెక్క తెరవండి